పైలట్ జీవితం గురించి చదవాలంటే పుస్తకం ఎలా ఎంచుకోవాలి

విమాన పైలట్ల గురించి పుస్తకాలు వెతికితే ముందు కనబడేవన్నీ ప్రమాదాల కథలే. ఇంజన్ పేలింది, కాక్‌పిట్‌లోకి హైజాకర్లు చొరబడ్డారు, నది మీద విమానం దిగింది. అవి చదివించే పుస్తకాలే, కాదనను. కానీ చాలామంది ఎయిర్‌లైన్ పైలట్లు ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, అలాంటి రోజు ఒక్కటి కూడా చూడకుండానే రిటైర్ అవుతారు. ఆ మామూలు ఏళ్లలో ఏముంటుందో చెప్పగలిగిందే పైలట్ జీవితం గురించిన పుస్తకమని నా నమ్మకం. అలాంటిదాన్ని ఎలా పట్టుకోవాలో వరసగా చెబుతాను.

ముందు, చదివేది ఎవరో తేల్చుకోండి

ఇంటర్ ఎంపీసీ చదువుతూ పైలట్ అవుతానంటున్న పిల్లలకా? వాళ్ల ఫీజు కట్టబోయే అమ్మానాన్నలకా? కిటికీ సీటు దొరికితే చాలనుకునే ప్రయాణికులకా? ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం సరిపోదు.

పిల్లల కోసమైతే ఒక సంగతి గుర్తుంచుకోండి. డీజీసీఏ (మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలకు చదివే నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ పుస్తకాలు లైసెన్సు తెచ్చుకోవడానికి పనికొస్తాయి, ఆ ఉద్యోగంలో బతుకు ఎలా ఉంటుందో మాత్రం చెప్పవు. పైలట్లు గౌరవంగా తలుచుకునే 'హ్యాండ్లింగ్ ద బిగ్ జెట్స్' లాంటివి కూడా అంతే. బ్రిటన్‌లో టెస్ట్ పైలట్‌గా పనిచేసిన డి.పి. డేవిస్ 1967లో రాసిన ఆ పుస్తకం జెట్ విమానం గాలిలో ఎలా ప్రవర్తిస్తుందో వివరిస్తుంది. పుట్టినరోజు కానుకగా పదిహేడేళ్ల పిల్లలకు ఇస్తే మూడో పేజీ దగ్గరే ఆపేస్తారు. దాన్ని శిక్షణలో చేరాక కొనుక్కోవచ్చు.

తల్లిదండ్రుల అవసరం వేరు. ఫ్లయింగ్ శిక్షణ, ఆ పైన ఒక నిర్దిష్ట విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ కలిపితే ఖర్చు అరకోటి దాటుతుంది, కోటి దగ్గరికి వెళ్లడమూ కొత్త కాదు. కాబట్టి వాళ్లు చదవాల్సింది డబ్బు గురించి, ఉద్యోగం పోవడం గురించి దాచకుండా రాసిన పుస్తకం. 2009 జనవరి 15న హడ్సన్ నది మీద విమానం దించి 155 మందినీ బతికించిన చెస్లీ సలెన్‌బర్గర్, అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ ముందు తన జీతం 40 శాతం కోసేశారనీ, పెన్షన్ పోయిందనీ చెప్పారు. దేశమంతా నెత్తిన పెట్టుకున్న పైలట్ పరిస్థితే అది. ఆయన జెఫ్రీ జాస్లోతో కలిసి రాసిన 'హైయెస్ట్ డ్యూటీ'ని నది మీద దిగిన కథ కోసం కాకుండా ఈ భాగాల కోసం తల్లిదండ్రులు చదవాలని నా సలహా. ఇక్కడే ఇంకో మాట: ఏ ఫీజూ కట్టకముందే క్లాస్ 1 మెడికల్ (కమర్షియల్ పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష) సంగతి తేల్చుకోండి. అందులో నెగ్గకపోతే మిగతా ఖర్చంతా వృథా.

ప్రయాణికుల పని తేలిక. పాట్రిక్ స్మిత్ రాసిన 'కాక్‌పిట్ కాన్ఫిడెన్షియల్' ప్రశ్న-జవాబు పద్ధతిలో సాగుతుంది. విమానం ఎందుకు కుదుపులకు లోనవుతుంది, ఒక ఇంజన్ ఆగితే ఏమవుతుంది లాంటి సందేహాలకు ఎయిర్‌లైన్ పైలట్ స్వయంగా ఇచ్చిన జవాబులు అందులో ఉన్నాయి. ఎక్కడైనా తెరిచి చదువుకోవచ్చు.

రచయిత ఏ సీట్లో కూర్చున్నాడో చూడండి

అట్ట మీద 'కెప్టెన్' అని ఉన్నంత మాత్రాన ఎయిర్‌లైన్ పైలట్ అనుకోకండి. 'సింప్లీ ఫ్లై' రాసిన జి.ఆర్. గోపీనాథ్ సైన్యంలో కెప్టెన్. ఎయిర్ డెక్కన్ స్థాపించి మన దేశంలో చౌక టికెట్లకు దారి తీసిన మనిషి. తెలుగులో 'ఆకాశం నీ హద్దురా'గా వచ్చిన సినిమాకు ఆధారం ఆ పుస్తకమే. విమానయాన వ్యాపారం ఎలా పుట్టి పెరుగుతుందో తెలుసుకోవాలంటే చాలా మంచి పుస్తకం. పైలట్ ఉద్యోగం గురించి తెలుసుకుందామని కొంటే మాత్రం మీకు కావలసింది అందులో ఉండదు.

వైమానిక దళం పైలట్ల ఆత్మకథలకూ ఇదే వర్తిస్తుంది. యుద్ధ విమానం నడిపే అనుభవం, రెండు వందల మందిని వెనక కూర్చోబెట్టుకుని రోజుకు నాలుగుసార్లు దించే అనుభవం ఒకటి కావు.

జర్నలిస్టు సాయంతో రాసిన పుస్తకమైతే తప్పుపట్టాల్సిన పని లేదు. చాలామంది పైలట్లకు రాయడం రాదు, మాట్లాడటం వచ్చు. అసలు పైలట్ కాని రచయిత కూడా ఒక్కోసారి పైలట్ల కన్నా బాగా రాస్తాడు. 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో కూలిన యునైటెడ్ 232 విమానం గురించి లారెన్స్ గొంజాలెస్ రాసిన పుస్తకం అలాంటిది. హైడ్రాలిక్స్ (రెక్కల్లో, తోకలో ఉండే భాగాలను కదిలించే ద్రవ వ్యవస్థలు) అన్నీ పోయి, మామూలుగా నడపడానికి వీల్లేకుండా పోయిన డీసీ-10ను కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన సిబ్బంది, ప్రయాణికుడిగా వచ్చిన మరో పైలట్ కలిసి ఇంజన్ల పవర్ మాత్రమే మారుస్తూ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. బయటి మనిషి కాబట్టే గొంజాలెస్ పైలట్ల మాటల దగ్గరే ఆగలేదు. ప్రయాణికులు, రక్షణ సిబ్బంది, ఇంజనీర్లు ఏం చెప్పారో కూడా సేకరించాడు.

ఏ ఏళ్ల కథ, ఏ దేశపు కథ?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ప్రచురణ సంవత్సరం చూస్తారు గానీ, పుస్తకంలో ఉన్నది ఏ కాలమో చూడరు.

ఎర్నెస్ట్ గాన్ రాసిన 'ఫేట్ ఈజ్ ద హంటర్' 1961లో వచ్చింది. అందులో ఉన్నది 1930లు, 40ల నాటి అమెరికన్ ఎయిర్‌లైన్ జీవితం, ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో సరకు మోసిన విమానాల జీవితం. రెక్కల మీద మంచు పేరుకుంటే ఏం చేయాలో పెద్ద పైలట్ పక్కన కూర్చుని నేర్చుకోవలసిన రోజులవి. ఒకచోట ఆగ్రా నుంచి బయల్దేరిన సి-87 విమానంలో తను అనుకున్నదాని కన్నా ఎక్కువ ఇంధనం ఉండటంతో అది పైకి లేవలేక, తాజ్‌మహల్‌ను వెంట్రుకవాసిలో తప్పించుకున్న ఘట్టం ఉంది. చదువుతుంటే అరచేతులు చెమటపడతాయి. పుస్తకం మొదట్లోనే చనిపోయిన తోటి పైలట్ల పేర్లు పేజీలకొద్దీ ఉంటాయి. ఈ వృత్తి మీద గౌరవం కలగాలంటే ఇంతకు మించిన పుస్తకం నాకు తెలియదు. కానీ రేపు ఉద్యోగంలో చేరబోయేవాళ్లు ఇదే తమ జీవితమనుకుంటే పొరపాటు. నేటి భద్రతా నియమాల్లో చాలా భాగం ఆ పేర్ల జాబితా పెరగకూడదనే పుట్టాయి.

ఆంత్వాన్ ద సెంట్ ఎగ్జుపెరీ ఇంకా వెనకటివాడు. 'లిటిల్ ప్రిన్స్' రాసినాయనే. ఫ్రాన్సు నుంచి ఆఫ్రికాకు, తర్వాత దక్షిణ అమెరికాలో ఉత్తరాలు మోసిన పైలట్. 1935 చివర్లో సహారాలో కూలిపోయి, మెకానిక్ ప్రెవోతో కలిసి నీళ్లు లేక చావు అంచుదాకా వెళ్లిన అనుభవం 'విండ్, శాండ్ అండ్ స్టార్స్'లో ఉంది. దీన్ని ఉద్యోగ సమాచారం కోసం కాదు, గొప్ప వచనం కోసం చదవండి.

కాలం తేడా చూడటానికి చిన్న గుర్తులు ఉన్నాయి. కాక్‌పిట్‌లో ఫ్లయిట్ ఇంజనీర్ (పైలట్లతో పాటు కూర్చుని యంత్రాల సంగతి చూసుకునే మనిషి) కనబడితే అది పాత తరం విమానం. ఇప్పుడు ఆ ఉద్యోగమే దాదాపు లేదు. ప్రయాణికుల పిల్లలు కాక్‌పిట్‌లోకి వచ్చి చూసి వెళ్తుంటే అది 2001 సెప్టెంబరుకు ముందు మాట. ఆ తర్వాత తలుపులు బలపరిచి తాళాలు వేశారు.

దేశం తేడా ఇంకా ముఖ్యం. అమెరికన్ పుస్తకాల్లో ఒక దారి మళ్లీ మళ్లీ కనబడుతుంది: లైసెన్సు వచ్చాక కొన్నేళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా చిన్న విమానాలు నడపడం, తర్వాత చిన్న రీజనల్ కంపెనీలో తక్కువ జీతానికి పనిచేయడం, ఎన్నో ఏళ్లకు పెద్ద ఎయిర్‌లైన్‌కు వెళ్లడం. 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర 50 మందిని బలిగొన్న ప్రమాదం తర్వాత అక్కడ నియమాలు ఇంకా బిగిశాయి. 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా (కెప్టెన్ పక్కన కుడి సీట్లో కూర్చునే రెండో పైలట్‌గా) చేరాలన్నా సాధారణంగా 1500 గంటల అనుభవం కావాలి. మన దేశంలో 200 గంటల ఫ్లయింగ్‌తో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుని, టైప్ రేటింగ్ పూర్తి చేసినవాళ్లు నేరుగా ఎయిర్‌బస్ 320 కుడి సీట్లో కూర్చునే అవకాశం ఉంది. అందువల్ల అమెరికన్ పుస్తకంలోని మొదటి పదేళ్లు ఇక్కడివాళ్లకు అసలు ఎదురుకాకపోవచ్చు. లైసెన్సు చేతికొచ్చి, ఖాళీలు లేక, తెచ్చిన అప్పుకు వడ్డీ కడుతూ ఇంట్లో కూర్చోవడమనే మన కష్టం ఆ పుస్తకాల్లో కనబడదు. అమెరికాలో శిక్షణ తీసుకోబోతున్న తెలుగు పిల్లలు కూడా ఈ రెండు దారుల తేడా తెలుసుకునే వెళ్లాలి.

నియమాల గురించి రాసిన భాగాన్ని ఏ పుస్తకంలోనూ నమ్మకండి. అవి మారుతూ ఉంటాయి. 2025లోనే మన దేశంలో పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. వాటి కోసం డీజీసీఏ వెబ్‌సైటు చూడండి. పుస్తకంలో వెతకాల్సింది మనుషుల్ని.

కొనేముందు ఏమీ జరగని రోజు తెరిచి చూడండి

నా మొత్తం సలహాలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే చెబుతాను. ప్రమాదం ఉన్న అధ్యాయాన్ని పక్కన పెట్టి, విమానం బయల్దేరి క్షేమంగా దిగిన ఒక రోజు గురించి రచయిత ఏం రాశాడో చూడండి. అలాంటి రోజే పుస్తకంలో లేకపోతే, అది ఒక సంఘటన గురించిన పుస్తకమే అవుతుంది.

ఉంటే అందులో ఏం వెతకాలి? తెల్లవారుజామున పికప్ కారు కోసం రాత్రి ఎనిమిదికే పడుకునే ప్రయత్నం. మన దేశంలోనైతే డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్ పరీక్ష. వాతావరణం, నోటమ్‌లు (రన్‌వేలు, దారుల గురించి పైలట్లకు వచ్చే తాజా సూచనలు) చూసి ఎంత ఇంధనం తీసుకోవాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవడం. వానలో తడుస్తూ విమానం చుట్టూ తిరిగి చూడటం. ఒక సెక్టార్ (బయల్దేరి దిగేదాకా ఒక ప్రయాణం) కెప్టెన్ నడిపితే మరో సెక్టార్ ఫస్ట్ ఆఫీసర్ నడపడం, అప్పుడు రెండోవాళ్లు రేడియో చూసుకుంటూ మొదటివాళ్లను గమనిస్తూ ఉండటం. అరగంటలో మళ్లీ బయల్దేరాల్సిన హడావిడి. సంక్రాంతి నాడు స్టాండ్‌బై (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండాల్సిన డ్యూటీ) పడటం, పెళ్లికి సెలవు దొరక్కపోవడం. ఎక్కడో హోటల్ గదిలో పగటిపూట కర్టెన్లు మూసి నిద్రపట్టక దొర్లడం. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష, వయసును బట్టి ఏడాదికో ఆరు నెలలకో మెడికల్. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ కూడా సిమ్యులేటర్ పరీక్షకు ముందు మాత్రం విద్యార్థిలా పుస్తకాలు ముందేసుకుంటాడు. వీటిలో కొన్నయినా ఉన్న పుస్తకాన్ని నమ్మొచ్చు.

ఈ పరీక్షలో నాకు తెలిసి అందరికన్నా ఎక్కువ మార్కులు మార్క్ వాన్‌హోనాకర్‌కే. మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్‌గా పనిచేసి, ఆ తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో చేరి బోయింగ్ 747 నడిపిన మనిషి. 2015లో వచ్చిన 'స్కైఫేరింగ్'లో ప్రమాదం లేదు, వీరత్వం లేదు. రాత్రి, గాలి, నీరు, దారి, యంత్రం అంటూ అధ్యాయాలు సాగుతాయి. ఒక నగరంలో పొద్దున్న కాఫీ తాగి, అదే రోజు ఇంకో ఖండంలో దిగితే, శరీరం అక్కడికి చేరినా మనసు చేరడానికి పట్టే సమయం గురించి ఆయన రాసింది చదివాక, నా మటుకు విమానాశ్రయంలో బ్యాగు లాక్కుంటూ నడిచే పైలట్లను చూసే చూపే మారింది. అయితే ఆయనది దూరప్రాంతాల ఉద్యోగం. హైదరాబాదు నుంచి తిరుపతికో విశాఖకో రోజుకు నాలుగు సెక్టార్లు తిరిగేవాళ్ల జీవితంలో అంత తీరిక ఉండదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

సలెన్‌బర్గర్ పుస్తకం కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. పక్షులు తగిలిన క్షణం నుంచి నీళ్లమీద దిగేదాకా గడిచింది 208 సెకన్లు. అన్ని పేజీలు ఆ సెకన్లతోనే నిండవు. టెక్సస్‌లో గడ్డి రన్‌వే మీద, పొలాలకు మందు చల్లే పైలట్ దగ్గర కుర్రవాడిగా నేర్చుకున్న రోజుల నుంచి మొదలవుతుంది కథ. ఆ 208 సెకన్లకు వెనక నలభై ఏళ్లు ఎలా పనిచేశాయో చూపించడమే ఆ పుస్తకం బలం.

ప్రమాదాల పుస్తకం కొనాలనుకుంటే

కొనండి. కానీ రెండు విషయాలు చూడండి.

మొదటిది, పక్క సీటు మనిషి ఎక్కడున్నాడు? కెప్టెన్ ఒక్కడే అన్నీ చేసినట్టు రాస్తే అనుమానించండి. 2010 నవంబరు 4న సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటస్ ఎ380 ఇంజన్ పగిలి, ముక్కలు రెక్కను చీల్చుకుపోయినప్పుడు కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు ఉన్నారు. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ రాసిన 'క్యూఎఫ్32'లో వరసగా వస్తున్న హెచ్చరికల మధ్య వాళ్లు పని ఎలా పంచుకున్నారో తెలుస్తుంది. 469 మందీ క్షేమంగా దిగారు. దీనికి పూర్తిగా అవతలి వైపు 2010 మే 22 నాటి మంగళూరు ప్రమాదం. 158 మంది పోయారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడనీ, దిగేటప్పుడు ఫస్ట్ ఆఫీసర్ పదేపదే గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేపమని) అన్నా దించడానికే వెళ్లాడనీ విచారణ తేల్చింది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగే మన పిల్లలు కాక్‌పిట్‌లోకి వెళ్లేముందు చదవాల్సిన విషయం ఇది.

రెండోది, పుస్తకం ఎప్పుడు రాశారు? తుది దర్యాప్తు నివేదికకు ముందే హడావిడిగా వచ్చిన పుస్తకాన్ని పక్కన పెట్టండి. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాదు ప్రమాదం గురించి ఎవరేం రాసినా ఇదే కొలత పెట్టండి. చనిపోయిన పైలట్లు తమ మాట చెప్పుకోలేరు. మంచి రచయితలు ఆ విషయంలో ఓపిక పడతారు. అమెరికన్ ప్రమాదాల మీద అక్కడి దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం చదివాక నివేదిక కూడా తిరగేస్తే రచయిత ఎక్కడ రంగు పులిమాడో తెలిసిపోతుంది.

మన దేశపు పుస్తకాలు

ఇక్కడ ఎంపిక తక్కువే, అయినా వదలకూడనివి ఉన్నాయి. 1999 డిసెంబరు 24న కాఠ్మండు నుంచి ఢిల్లీ వస్తూ హైజాక్ అయిన ఐసీ 814 విమానం కెప్టెన్ దేవీ శరణ్, శ్రింజయ్ చౌధురితో కలిసి 'ఫ్లయిట్ ఇంటూ ఫియర్' రాశారు. లాహోర్‌లో రన్‌వే దీపాలు ఆర్పేస్తే, ఇంధనం అయిపోతున్న విమానంతో చీకట్లో దిగబోయిన ఘట్టం అందులో ఉంది. అదే కాక్‌పిట్‌లో ఉన్న ఫ్లయిట్ ఇంజనీర్ అనిల్ జగ్గియా కూడా ఒక పుస్తకం రాశారు. ఒకే వారం రోజుల్ని ఇద్దరు సహోద్యోగులు ఎలా గుర్తుంచుకున్నారో పోల్చి చూసే అవకాశం చాలా అరుదు. దొరికితే రెండూ చదవండి.

చరిత్ర కావాలంటే ఆర్.ఎం. లాలా రాసిన జె.ఆర్.డి. టాటా జీవితచరిత్ర 'బియాండ్ ద లాస్ట్ బ్లూ మౌంటెన్' ఉంది. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టాటా స్వయంగా ఉత్తరాలు మోసుకొచ్చారు. అక్కడి నుంచి మద్రాసు దాకా నెవిల్ విన్సెంట్ నడిపాడు. యాభై ఏళ్ల తర్వాత, 78వ ఏట, టాటా ఆ ప్రయాణాన్ని మళ్లీ చేశారు.

అమ్మాయిల కోసం పుస్తకం వెతికేవాళ్లు బానీ టిబర్జీ రాసిన 'టేకాఫ్!' చూడండి. 1973లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో చేరిన తొలి మహిళా పైలట్ ఆవిడ. మగవాళ్లు మాత్రమే ఉన్న చోట మొదటి మనిషిగా పనిచేయడం ఎలా ఉంటుందో రాసింది. మన దగ్గర ఆ కథ ఇంకా ముందే మొదలైంది. బేగంపేట కేంద్రంగా నడిచి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ప్రేమ్ మాథుర్ పైలట్‌గా పనిచేశారు. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య చిన్న వయసులోనే బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. ఇలాంటివాళ్ల జీవితాలు తెలుగులో పూర్తి పుస్తకాలుగా రావాలని, వాళ్లే రాయాలని నా కోరిక.

ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

కొనేముందు ఈ-బుక్ ఉచిత నమూనా దించుకోండి. నమూనాలో వచ్చేది మొదటి అధ్యాయమే, అందులో ఎలాగూ ఉత్కంఠ ఉంటుంది కాబట్టి దానికి పడిపోకుండా విషయసూచిక మొత్తం చూడండి. పాత పుస్తకాలకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మంచి చోటు. గాన్, సెంట్ ఎగ్జుపెరీ పుస్తకాలకు చాలా ముద్రణలు వచ్చాయి కాబట్టి పాత ప్రతి కనబడే అవకాశం ఉంటుంది. డిసెంబరులో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో సెకండ్ హ్యాండ్ స్టాళ్లు వదలకండి.

ఇంగ్లీషు కష్టమనిపించే పిల్లలకు 'కాక్‌పిట్ కాన్ఫిడెన్షియల్'తో మొదలుపెట్టించండి. చిన్న జవాబులు, మామూలు భాష. కొత్త మాట వచ్చినప్పుడల్లా ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి, ఆ మాటలే రేపు ఇంటర్వ్యూలో పనికొస్తాయి. తర్వాత సలెన్‌బర్గర్, ఆపైన 'స్కైఫేరింగ్'. గాన్‌ను చివరికి ఉంచండి, ఎందుకంటే అప్పటికి ఆయన ఏ ప్రమాదాల గురించి రాస్తున్నాడో అర్థం చేసుకునే పరిజ్ఞానం వచ్చి ఉంటుంది.

మూడు పుస్తకాలు పూర్తయ్యాక, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగంలో ఉన్న ఒక ఫస్ట్ ఆఫీసర్‌తో మాట్లాడించండి. కెప్టెన్ కన్నా ఫస్ట్ ఆఫీసర్ మేలు, శిక్షణ కష్టాలు ఇంకా తాజాగా గుర్తుంటాయి. లైసెన్సు వచ్చాక ఉద్యోగానికి ఎంతకాలం ఆగారు, అప్పు ఎలా తీరుస్తున్నారు, పోయిన నెల రోస్టర్‌లో ఎన్ని రాత్రి డ్యూటీలు పడ్డాయి, కెప్టెన్‌తో అభిప్రాయం కలవనప్పుడు ఏ మాటలతో చెబుతారు అని అడగమనండి. పుస్తకంలో చదివిందానికీ ఆ జవాబులకూ తేడా వచ్చిన చోట్లను అదే నోటు పుస్తకంలో రాసుకుంటే, తర్వాత ఏ పుస్తకం వెతకాలో వాళ్లకే తెలుస్తుంది.